ప్రోస్ట్రీట్‌ను మనం ఉత్తపుణ్యానికి తిట్టినమా?

బాలసముద్రం_బ్రేకులు
బతుకమ్మకు ఇల్లు దులుపుతుంటే అటక మీద షూ డబ్బా దొరికింది. అండ్ల పాత సీడీలు, ఖరాబైన పెన్‌డ్రైవు, అడుగున నీడ్ ఫర్ స్పీడ్ ప్రోస్ట్రీట్ అనే కార్ల రేసు కంప్యూటర్ గేమ్ ఒరిజినల్ డీవీడీ. 2008ల మా బావ హైదరాబాద్‌కెళ్లి తెచ్చిండు. అప్పుడు రెండు రోజులు ఆడి, "గిదేం గేమ్‌ రా బై" అని పక్కకు పడేసిన.

ఇప్పుడు మూడు వారాల సంది రాత్రి పిల్ల పన్నంక అదే ఆడుతున్న. పొద్దుగాల ఆఫీసుకు పోయేటప్పుడు నక్కలగుట్ట సిగ్నల్ కాడ ఆగి, గేముల ఉన్న మొండెల్లో పార్కు ట్రాకు మొదటి మలుపుకు యాడ బ్రేకు కొట్టాల్నో లెక్క కడుతున్న. ఎనుకోడు హారన్ కొడ్తే గని సోయికి వస్తలేను.

అడిగేదేందంటే, ఈ గేమును అందరం కలిసి గంత గనం ఎందుకు తిట్టినం? ఇప్పటికీ ఎన్‌ఎఫ్‌ఎస్ (నీడ్ ఫర్ స్పీడ్ సిరీస్) ముచ్చట వస్తే మోస్ట్ వాంటెడ్, అండర్‌గ్రౌండ్ 2, మళ్ల మోస్ట్ వాంటెడ్. ప్రోస్ట్రీట్ పేరు తీస్తే పిలువని పెండ్లికి వచ్చినోన్ని చూసినట్టు చూస్తరు. నాకైతే సిరీస్ మొత్తంల కారుకు బరువుంది, దానికి దెబ్బ తాకుతది అనిపించింది గీ ఒక్క గేముల్నే. తిట్టెటోళ్లు తిట్టుండ్రి, కని కారణం చెప్పి తిట్టుండ్రి.

రేజర్_బాధితుడు
కారణం: పోలీసులు లేరు.
ఇగ వేరేది ఏం కావాలె?

నైట్రో_నర్సన్న
పోలీసులు కావాల్నంటే సాయంత్రం ఆరింటికి హెల్మెట్ లేకుంట చౌరస్తకు రా తమ్మి. హీట్ లెవల్ 5 (గేముల పోలీసులు ఎంటపడే జోరు) పక్కా. ఫోటో సుత దిగుతది, చలాన్ ఇంటికే వస్తది.

రేజర్_బాధితుడు
నవ్వులాటకు కాదన్న. 2005ల మోస్ట్ వాంటెడ్ ఏం చేసింది? షురూల్నే మన చేతిల బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ కారు పెట్టింది. విలన్ రేజర్‌గాడు దగా చేసి దాన్ని గుంజుకపోతడు. బ్లాక్‌లిస్టుల 15 మందిని ఒక్కొక్కన్ని కొట్టుకుంట పోయి ఆఖరికి మన కారు మనం తెచ్చుకోవాలె. కడుపుల మంట ఉంటది కద, అదీ కథంటే. 2006ల కార్బన్, ఊరంత రాత్రి, ఘాట్ రోడ్డు మీద ఒకనెనుక ఒకడు.

2007ల ఏమిచ్చిండ్రు? పట్టపగలు ఎయిర్‌ఫీల్డుల తెల్లగీతల నడుమ తిరుగుడు. మైకుల ఒకడు ఒర్లుడు. వీధి రేసు సిరీస్‌ను తీస్కపోయి బడిల ఆటల పోటీ చేసిండ్రు.

గోదావరిఖని_గేరు
2003ల అండర్‌గ్రౌండ్ వచ్చింది. పోలీసులున్నరా? 2004ల అండర్‌గ్రౌండ్ 2. అండ్ల ఉన్నరా? ఆ రెండింటిని నెత్తిన పెట్టుకుంటివి, గిది ఒక్కటే పాపం చేసిందా?

రేజర్_బాధితుడు
అండ్ల తిరిగెటందుకు ఊరుండె.

గోదావరిఖని_గేరు
రెండోదాంట్ల ఉండె. మొదటిదాంట్ల యాడుందే? మెనూలకెళ్లి రేసు, రేసులకెళ్లి మెనూ. అచ్చం ప్రోస్ట్రీట్ లెక్కనే.

రేజర్_బాధితుడు
నియాన్ లైట్లన్న ఉండె.

నైట్రో_నర్సన్న
ఒప్పుకున్నడు. అయ్యగారికి కావాల్సింది పోలీసులు కాదు, గణపతి మండపం లైటింగు.

సర్వపిండి
పోలీసుల ముచ్చట పక్కకు పెట్టుండ్రి, డ్రాగ్ (సీదా రోడ్డు మీది రేసు) గురించి ఒక్కలు మాట్లాడుతలేరేంది?

మా ఇంట్ల ఒక్కటే సిస్టం. నాకో గంట, మా అన్నకో గంట. ఆయన గ్రిప్ రేసులు (మలుపుల ట్రాకు మీద), నేను డ్రాగ్. క్వార్టర్ మైల్ అంటే 402 మీటర్లు, మంచి కారైతే పది పదకొండు సెకండ్లల్ల ఒడుస్తది. అండర్‌గ్రౌండ్‌ల డ్రాగ్ అంటే అడ్డమొచ్చిన లారీలకు తప్పుకుంట పోవుడు, లేన్ మారుడు. ఇండ్ల గదేం లేదు. రేసుకు ముందుగాల నిలవడ్డకాడ్నే టైర్లు తిప్పి కాకబెట్టాలె. ముల్లు పచ్చగీతల నిలపాలె, ఎక్కువైతే పాయె, తక్కువైతే పాయె. ఎంత మంచిగ కాగితే లైటు పడ్డంక టైరు రోడ్డును గంత గట్టిగ పడ్తది. అటెనుక గేరు మార్పు. సెకండుల పదో వంతు ఆలస్యమైతే పక్కోడు ముందటుంటడు.

వీలీ పోటీ అయితే ఇంక గమ్మత్తు. కారు ముందటి చక్రాలు లేపి ఎవ్వడు ఎంత దూరం ఉరికిస్తే వాడు గెలిచినట్టు. మా అమ్మ ఎనుకనుంచి చూసి "గా కారుకేమైందే, జబ్బు చేసిందా" అన్నది.

బోరు అన్నోళ్లు డ్రాగ్ ఆడలేదు, నేను పందెం కడ్త.

బాలసముద్రం_బ్రేకులు
@సర్వపిండి అక్కా, టైర్ల పొగ ముచ్చట మరిస్తివి. ఆ పొగ కోసమే ఇంకొకసారి తిప్పుతుంటి నేనైతే. 2007ల గంత చిక్కటి పొగ వేరే ఏ రేసు గేముల చూడలె.

హన్మకొండ_అల్లుడు
కాస్త అడ్డం పడతాను, ఏమనుకోకండి. మాది విజయవాడ, పెళ్లయ్యాక తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, అందుకే ఈ పేరు.

పోలీసులు లేరన్న వాదన నాకూ నచ్చదు. కానీ ప్రోస్ట్రీట్‌కి అసలు జబ్బులు వేరే ఉన్నాయి. ఒకటి, ఆ రేస్ డేల వరస. ఒక రోజులో నాలుగైదు పోటీలు, పాయింట్లు కూడబెట్టి ఆ రోజుని గెలవాలి, వీలైతే డామినేట్ చేయాలి. మొదటి పది బాగుంటాయి. తర్వాత అవే ట్రాకులు మళ్లీ వస్తాయి. మొండెల్లో, విల్లో స్ప్రింగ్స్, పోర్ట్‌లాండ్, మళ్లీ మొండెల్లో. కెరీర్ మధ్యలో నాకు నిద్రొచ్చింది, నిజంగా.

ఇక ఆ నలుగురు కింగ్‌లు, అంటే ఒక్కో రకం పోటీలో మనం ఓడించాల్సిన మొనగాళ్లు. గ్రిప్‌కి రే క్రీగర్, డ్రాగ్‌కి కరోల్ మన్రో, డ్రిఫ్ట్‌కి (కారుని పక్కకి జారుస్తూ తోలడం) అకీ కిమురా, స్పీడ్‌కి నేట్ డెన్వర్. పేర్లు గుర్తున్నాయి, ఎందుకంటే గేమ్ ఆ పేర్లు అరిచి అరిచి చెప్తుంది. మనుషులు మాత్రం గుర్తులేరు. మన హీరో ర్యాన్ కూపర్ అయితే హెల్మెట్ తీయడు, నోరు విప్పడు. షోడౌన్ కింగ్ ర్యో వతనబె ఒక్కడే కాస్త ఒళ్లు మండిస్తాడు, వాడూ కనిపించేది అప్పుడప్పుడే. రేజర్‌తో పోలిస్తే వీడు పక్కింటి కోపిష్టి కుర్రాడు.

ఇదే పనిని 2008లో గ్రిడ్ అనే వేరే రేసు గేమ్ ఎంతో బాగా చేసింది. అందులో గుద్దుకుంటే వెనక్కి తిప్పుకునే వీలుండేది. ఇక్కడ తొమ్మిది నిమిషాలు కష్టపడి ఆఖరి మలుపులో గోడకి కొడితే అంతే సంగతులు.

నైట్రో_నర్సన్న
తొమ్మిదేండ్లు హన్మకొండల ఉండి ఇంక "అంతే సంగతులు" అంటున్నవా బావా? "ఇగ గంతే" అను. అత్తగారింట్ల సర్వపిండి బంద్ చేస్తరు.

సర్వపిండి
నన్నెందుకు గుంజుతున్నవ్ మధ్యల.

గోదావరిఖని_గేరు
@హన్మకొండ_అల్లుడు ట్రాకుల ముచ్చట నిజమే, ఒప్పుకుంట. కని గోడకు కొడ్తే పోతది అన్న ముచ్చటనే కద అసలు మజా?

మా నాయిన సింగరేణిల, ఓపెన్ కాస్టు మీద డంపర్ నడిపిండు. రిటైరై ఆరేండ్లాయె. నేను ఇంటర్ల ఉన్నప్పుడు ప్రోస్ట్రీట్ ఆడుతుంటే ఎనుక మంచం మీద కూసోని చూసేటోడు. మోస్ట్ వాంటెడ్ ఆడుతున్నప్పుడు ఎప్పుడు చూడలె, "అది బండి కాదుర, బొంగురం" అనేటోడు. గిది చూసి మాత్రం ఒకరోజు అన్నడు: "నువ్వు మలుపుల బ్రేకు కొడ్తున్నవ్. బరువున్న బండికి మలుపు రాకముందే కొట్టాలె, మలుపుల ఇడిసిపెట్టాలె." అటెనుక నా ల్యాప్ టైం ఐదు సెకండ్లు తగ్గింది. సింగరేణి డంపర్ ఆపరేటర్ సలహాతోని జపాన్ ఆటోపొలిస్ ట్రాకుల గెలిచినోన్ని నేనొక్కన్నే అనుకుంట.

మంచిర్యాల_మెకానిక్
మీ నాయిన చెప్పింది సోలానా నిజం. బ్రేకు మీద బరువు ముందటి టైర్ల మీదకు వస్తది. అదే బ్రేకుతోని తిప్పితే ముందటి టైరుకు రెండు పనులు, ఆగుడు, తిరుగుడు. రెండు చేయలేక సీదా పోతది. మా షెడ్డుకు వచ్చే ఆక్సిడెంట్ బండ్లల్ల సగం కథ గిదే.

నేను గేమర్‌ను కాదు పెద్దగ, కని ప్రోస్ట్రీట్ నాకు నచ్చిన కారణం వేరే. అండ్ల ఒక్కటే కారుతోని అన్ని ఆడరాదు. గ్రిప్‌కు ఒక కారు, డ్రిఫ్టుకు ఒకటి, డ్రాగ్‌కు ఒకటి, స్పీడుకు ఒకటి. ఒక్కో కారుకు సెట్టింగులు బ్లూప్రింటు లెక్క దాచిపెట్టుకోవచ్చు. కారు రూపు మార్చే ఆటోస్కల్ప్ట్‌ల బంపర్‌ను, స్పాయిలర్‌ను సాగదీసి విండ్ టన్నెల్ల పెడ్తే గాలి ఎట్ల పోతుందో చూపెడ్తది. కార్బన్లగూడ ఆటోస్కల్ప్ట్ ఉండె, కని అది ఉత్త సోకు. ఇండ్ల రెక్క పెంచితే మలుపుల పట్టు దొరుకుతది, సీదా రోడ్డు మీద స్పీడు తగ్గుతది. ఒకటి కావాల్నంటే ఇంకోటి ఇడువాలె.

గీ ముచ్చట మా కాడికొచ్చే పోరగాండ్లకు ఎంత చెప్పినా ఎక్కది. ఆల్టోకు గంత పెద్ద రెక్క బిగియ్యమంటరు.

నైట్రో_నర్సన్న
రెక్క బిగిస్తే మంచిర్యాల నుంచి గాలిల పోవచ్చని కావచ్చు. గోదావరి బ్రిడ్జి మీద జామ్ తప్పుతది.

రేజర్_బాధితుడు
అందరు ఒక్కటై నన్ను ఏసుకుంటున్నరు కని నా మాట ఒక్కటి ఇనుండ్రి. నేను గేమును ఆడకుంట తిడ్తలేను. ఆడిన. కాజీపేటల, నెట్ సెంటర్ల, తొమ్మిదో తరగతిల. నాలుగైదు సార్లు ఆడిన. పాట లేదు, కథ లేదు, సప్పుడు లేదు, మసక మసక బొమ్మ. ప్రతిసారి కారు అప్పటికే సొట్టలు పడి ఉంటుండె. ఉరుకుతలేదు. చేతిల పైసలు లేవు, రిపేరు చేసుకుందామంటే. గంటకు 15 రూపాయలు కట్టి సొట్టకారుల కూసునుడు ఎవ్వనికి ఇష్టం?

కాజీపేట_జంక్షన్
ఆగుండ్రి. ఆగుండ్రి.

ఫాతిమానగర్ దిక్కు సందుల, కింద జిరాక్సు, పైన నెట్. అదేనా?

రేజర్_బాధితుడు
అవ్. మెట్ల కాడ చెప్పులిడిసి పోవాలె.

కాజీపేట_జంక్షన్
తమ్మి, ఆ నెట్‌ల కౌంటర్ మీద కూసున్నది నేనే. 2007 నుంచి 2010 దాక. ఓనర్ పొద్దున ఒకసారి, రాత్రి గల్ల లెక్కకు ఒకసారి వచ్చేటోడు. నడుమ రాజ్యం నాది.

ఇన్నేండ్లకు నిజం చెప్త. మేం మీకు ఆడిపిచ్చింది ప్రోస్ట్రీట్ కాదు.

అప్పుడు ఎనిమిది సిస్టంలుండె. ఆరింట్ల 512 ర్యామ్, రెండింట్లనే గ్రాఫిక్స్ కార్డు. మాకు దొరికింది రిప్. అంటే డీవీడీ గేమును పిండి పిండి రెండు సీడీలకు దించిన కాపీ. పాటలు తీసేసిండ్రు. కథ వీడియోలు తీసేసిండ్రు. మైకుల ఒర్లేటోని గొంతు తీసేసిండ్రు. అది సుత ఉరుకకపోతే నేను సెట్టింగులన్ని కిందికి గుంజి పెట్టిన. పొగ బంద్, నీడలు బంద్, జనం అట్టముక్కల లెక్క. ర్యో వతనబె ఎవ్వడో మా నెట్‌కొచ్చినోళ్లల్ల ఒక్కనికి తెల్వదు. నాకే తెల్వది, పైన అల్లుడు బావ రాస్తే ఇప్పుడు చదివిన.

ఇగ సొట్టకారు ముచ్చట. మోస్ట్ వాంటెడ్‌ల నువ్వు పోలీసు జీబును ఎంత గుద్దినా కారు మళ్ల రేసుకు కొత్తగనే వస్తది. కార్బన్ల గంతే. ప్రోస్ట్రీట్‌ల దెబ్బ తాకితే తాకినట్టే, రేసు ఒడిసినంక పైసలు పెట్టి బాగుచేయాలె, లేకుంటే రిపేరు మార్కర్ వాడాలె. చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ, ఇగ మొత్తం తుక్కు, మూడు తీర్లుంటది. ఇంట్ల ఒక్కడే ఆడితే మంచిదే. నెట్‌ల ఏమైతది? ఒక్కో సిస్టంల ఒక్కటే సేవ్ (ఆట యాడిదాక వచ్చిందో దాచేది). నాలుగింటికి వచ్చినోడు కారు నుగ్గు నుగ్గు చేసి, ఉన్న పైసలు పెయింటుకు పెట్టి పోతడు. ఐదింటికి వచ్చినోడు ఆ కారుల కూసుంటడు. వాని గంట వీని బాకీ కట్టుటానికే సరిపోతది.

ఇంకోటి. గంట కట్టినోనికి మోస్ట్ వాంటెడ్ మొదటి నిమిషంల్నే ఎం3 జీటీఆర్ ఇస్తది. ప్రోస్ట్రీట్ మొదట పాత 240 ఎస్‌ఎక్స్ ఇచ్చి, గిట్ల బ్రేకు కొట్టు, గట్ల గేరు మార్చు అని బడి పెడ్తది. పావుగంట గండ్లనే పాయె. పిల్లలు పది నిమిషాలకు నా దిక్కు మెడ తిప్పి "అన్నా, వైస్ సిటీ పెట్టు" అనేటోళ్లు. వారం తర్వాత మూడు సిస్టంలల్లకెళ్లి తీసేసిన. మిగిలినయి సుత ఎవ్వరు ఆడలే.

మన దిక్కు ఈ గేముకు చెడ్డపేరు వచ్చింది పోలీసులు లేకనా? నాకైతే నమ్మకం లేదు. గంటల లెక్కన ఆడే గేమ్ కాదది. ఇంట్ల ఆడే గేమును నెట్‌ల పెట్టినం.

బాలసముద్రం_బ్రేకులు
అన్న గీ ఒక్క పోస్టుతోని నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. నేను ఇంట్లనే ఆడిన, ఒరిజినలే ఆడిన, కని నెట్‌ల అందరు "బేకార్" అన్నరని రెండు రోజులకే పక్కకు పెట్టిన.

హన్మకొండ_అల్లుడు
జంక్షన్ గారి వాదన అద్భుతం, కానీ ఒక చిక్కుంది. ఈ గేమ్‌ని బయటి దేశాల్లో కూడా చాలామంది తిట్టారు. వాళ్లేం కాజీపేట నెట్ సెంటర్లో ఆడలేదు కదా. నేనూ మంచి సిస్టంలో పూర్తిగా ఆడాను. పాటలున్నాయి, పొగ ఉంది. అయినా మధ్యలో విసుగొచ్చింది. స్టీరింగ్ తిప్పాక కారు ఆలోచించుకుని తిరుగుతుంది.

కాజీపేట_జంక్షన్
నేను చెప్పింది మన దిక్కు సంగతి బావా. అమెరికావోని సంగతి అమెరికావోన్నే అడగాలె. వానికి నాలుగేండ్లు వరుసగ వీధి రేసు తినిపిచ్చి, ఐదో ఏడు పట్టపగలు ట్రాకు మీద వడ్డిస్తే ముద్ద దిగలే కావచ్చు.

గోదావరిఖని_గేరు
సిరీస్ సుత ఎప్పుడు ఒక్క తీరుగ లేదు కద. 1994ల మొదటిది వచ్చినప్పుడు సగం ముచ్చట అసలు కార్ల వివరాలే. 2000ల పోర్షే అన్లీష్డ్, మొత్తం ఒక్క కంపెనీ కార్లే. దాన్ని సుత అప్పుడు "ఒక్కటే కంపెనీనా" అన్నరు, ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నరు. మన వయసోళ్లకు 2003 నుంచి కథ షురూ కాబట్టి, నియాన్ లైటు లేకుంటే ఎన్‌ఎఫ్‌ఎస్ కాదనుకుంటం.

కేయూ_క్రాస్‌రోడ్
అన్నలు, అక్కలు, నేను 2006ల పుట్టిన. మీరు చెప్పే నెట్ సెంటర్లు నేను చూడలే. సొంత సేవ్ ఉండకపోవుడు ఏందసలు? ఇప్పుడు ఈ గేమ్ ఆడాల్నంటే యాడ దొరుకుతది? ఎవరన్న లింక్ పెట్టుండ్రి.

మోడరేటర్
కాపీ లింకులు అడగొద్దు, పెట్టొద్దు. జంక్షన్ గారి రిప్ సీడీల ముచ్చట పాతదని వదిలేస్తున్న.

కాజీపేట_జంక్షన్
సీడీలు ఎలుకలు కొట్టినయ్ సార్. సాక్ష్యం లేదు.

బాలసముద్రం_బ్రేకులు
@కేయూ_క్రాస్‌రోడ్ తమ్మి, పాత డీవీడీలు అమ్మేటోళ్లను చూడు. 2021 మే నెలాఖరున కార్బన్, అండర్‌కవర్, షిఫ్ట్ రెండు భాగాలు, ది రన్, అన్నిటిని ఆన్‌లైన్ దుకాణాలకెళ్లి కంపెనోళ్లే తీసేసిండ్రు. పాతయి ఆడాల్నంటే ఇగ అటకలే దిక్కు. నేను ల్యాప్‌టాపుకు బయట తగిలించే డీవీడీ డ్రైవు కొన్న. 1.1 ప్యాచ్ (గేముల తప్పులు దిద్దే ఫైలు) వేసిన. ఇప్పటి వెడల్పు స్క్రీనుకు అభిమానులు చేసిన ఫిక్స్ ఉంది, అది లేకుంటే కార్లు అప్పచ్చుల లెక్క సాగుతయ్.

ఇగ @హన్మకొండ_అల్లుడు, గ్రిడ్ ముచ్చటకు వస్త. గ్రిడ్ నాకు సుత ఇష్టమే. కని ఎనుకకు తిప్పుకునే మీట చేతిల ఉంటే భయం యాడుంటది? నెవాడా హైవే మీద స్పీడ్ ఛాలెంజ్ గుర్తు చేసుకో. ఎడారి, సీదా రోడ్డు, అటిటు ఏం లేదు. 300 దాటినంక స్క్రీను అదురుతది. రోడ్డు మీద చిన్న గుంత వస్తే కారు గాలిల తేలుతది, దిగేటప్పుడు స్టీరింగ్ ఈషణ్మాత్రం వంకరుంటే పల్టీ. పల్టీ అంటే ఉత్త పల్టీ కాదు, కారు తుక్కు, కూడబెట్టిన పైసలు తుక్కు. గ్యాస్ మీట వదిలితే పోటీ పోతది, వదలకపోతే కారు పోతది.

మొన్న రాత్రి ఒంటిగంటకు ఆ రోడ్డు మీద ఉన్న. అరచేతులు చెమట. పిల్ల లేచి ఏడుస్తుంది, నా పెండ్లాం పిలుస్తుంది. "ఒక్క నిమిషం, నాలుగు కిలోమీటర్లే ఉంది" అన్న. యాడికి నాలుగు కిలోమీటర్లు అని ఆమె. అదే క్షణంల కారు తేలింది.

సర్వపిండి
కారు తేలిందా, నువ్వు తేలినవా?

బాలసముద్రం_బ్రేకులు
ఇద్దరం. రెండు రోజులు పప్పుచారే.

హన్మకొండ_అల్లుడు
సరే, నెవాడా ఒప్పుకుంటున్నాను. అది ఆడుతున్నప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను. సెక్టార్ షూటౌట్ కూడా మంచి ఆలోచనే. ట్రాకుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఎవరు వేగంగా వెళ్తే వాళ్లకి పాయింట్లు. ఆఖరి స్థానంలో ఉన్నవాడు కూడా ఒక్క ముక్క బాగా తోలి పైకి రావచ్చు. అలాంటి పోటీలు ఇంకా పెట్టి, రేస్ డేలు సగానికి తగ్గించి ఉంటే నేనూ మీ జట్టులో ఉండేవాణ్ణి. ఇప్పటికి పదికి ఆరు.

మంచిర్యాల_మెకానిక్
ఆరు మస్తు. పాసైనట్టే.

రేజర్_బాధితుడు
రెండు రోజులు గమ్మునున్న. జంక్షన్ అన్న పోస్టు మూడుసార్లు చదివిన. అంటే నేను పదిహేడేండ్ల సంది ఆడని గేమును తిడుతున్ననా?

@బాలసముద్రం_బ్రేకులు ఆ డీవీడీ ఒక పది రోజులకు ఇస్తవా? తిట్టినా సరిగ్గ ఆడి తిడ్త.

బాలసముద్రం_బ్రేకులు
ఆదివారం పొద్దుగాల భద్రకాళి బండ్ కాడికి రా. షూ డబ్బాతోనే తెస్త. గీత పడితే మాత్రం నీ ఎం3 జీటీఆర్ నాదే.

కేయూ_క్రాస్‌రోడ్
తర్వాత వంతు నాది.

నైట్రో_నర్సన్న
చూసిండ్రా, మళ్ల నెట్ సెంటర్ షురూ అయింది. జంక్షనన్నా, కౌంటర్ మీద కూసో. గంటకు ఎంత?

రేజర్_బాధితుడు
పన్నెండు రోజులైంది, రిపోర్టు రాస్తున్న.

ముందుగాల తిట్లు. మైకులోడు నిజంగనే తలకాయ తింటుండు. రిప్‌ల వాన్ని తీసేసినోనికి దండం పెట్టాలె. ట్రాకుల పొంట యాడ చూసినా కంపెనీల బోర్డులే, ఎలక్షన్లప్పటి చౌరస్త లెక్క. తిరిగెటందుకు ఊరు లేదు, ఆ లోటు లోటే. గేరేజికెళ్లి బయటకొచ్చి గాలి పీల్చుకుందామంటే లేదు. మోస్ట్ వాంటెడ్ నాకు ఇప్పటికీ పైనే, గా ముచ్చటల తగ్గేది లేదు.

ఇగ రెండోది. మొదట డ్రైవర్ ఎయిడ్స్ (నడుపుడుల గేమే సాయం చేసే సెట్టింగు) క్యాజువల్ మీద పెట్టి ఆడిన, బ్రేకు సుత అదే కొడ్తుండె, సప్పగుండె. డంపర్ బాపు మాట గుర్తొచ్చి రేసర్ మీదకు మార్చిన. ఆ పొద్దే ఎనిమిది సార్లు గోడకు కొట్టిన. తొమ్మిదోసారి మొండెల్లోల మలుపుకు ముందు బ్రేకు, మలుపుల వదులు, బయటకు గ్యాస్. కారు గీత గీసినట్టు పోయింది. ఒక్కన్నే ఉన్న రూములో, లేచి నిలబడ్డ. మోస్ట్ వాంటెడ్‌ల 15 మందిని కొట్టినప్పుడు సుత లేచి నిలబడలే.

సొట్ట పడ్డ కారును నా పైసలతోని బాగుచేసుకున్న. అది సుత మంచిగనే అనిపించింది, ఎందుకంటే ఈసారి సొట్ట పెట్టింది నేనే.

గోదావరిఖని_గేరు
మా నాయినకు చదివి వినిపిచ్చిన. "ఏ ఏరియా పోరడు" అని అడిగిండు. కాజీపేట అంటే, "రైల్వే పిల్లలకు బ్రేకు ముచ్చట తెల్వాలె కద" అన్నడు.

రేజర్_బాధితుడు
బాపుకు నమస్తే చెప్పు. ఇంకో బాధ, ఎబిసు ట్రాకుల డ్రిఫ్టు వస్తలేదు. అకీ కిమురా పాయింట్లు చూస్తే కండ్లు తిరుగుతున్నయ్. కీబోర్డుతోని అసలు అయితదా?

సర్వపిండి
అయితది. మీట నొక్కి పట్టుకోకు, కొట్టు, వదులు, కొట్టు, వదులు, పిండి మీద ఏళ్లతోని ఒత్తినట్టు. గ్యాస్ సుత గట్లనే. పవర్ ఎక్కువున్న కారు తీసుకోకు, ఎనుక చక్రాలు తిరిగే చిన్న కారు తీసుకొని నేర్చుకో. ఇంక రాకపోతే జాయ్‌స్టిక్ కొనుక్కో, ఇజ్జత్ ఏం పోదు.

కాజీపేట_జంక్షన్
నెట్‌ల ఉన్నప్పుడు ఆరో నంబర్ సిస్టంల బాణం మీటలు మూడుసార్లు మార్పిచ్చిన. డ్రిఫ్టుకే. ఓనర్ నా జీతంల కోసిండు.

రేజర్_బాధితుడు
ఆరో నంబరా? కిటికీ పక్కకు? నేను ఎప్పుడు కూసునేది అదే. సొట్టకారు ఉండేది దాంట్లనే.

కాజీపేట_జంక్షన్
దాంట్లనే. నీకంటె ముందు, రోజూ నాలుగింటికి ఒకడు వచ్చేటోడు. గంట ఒడుస్తుందనంగ, ఆఖరి రెండు నిమిషాలు పని పెట్టుకొని కారును గోడకు ఏసి ఏసి కొట్టి, నవ్వుకుంట లేచి పోయేటోడు. ఎందుకురా అంటే "ఎనుకోనికి యాదికి ఉండాలె అన్నా" అనేటోడు. పేరు యాదికి లేదు. పల్సర్ మీద వచ్చేటోడు, సైలెన్సర్ పీకి.

సర్వపిండి
నర్సన్న రెండు రోజుల సంది సప్పుడు చేస్తలేడేంది?

నైట్రో_నర్సన్న
పనుండె.

రేజర్_బాధితుడు
నర్సన్నా, నీ బండి ఏంది అప్పుడు?

నైట్రో_నర్సన్న
పాత ముచ్చట్లు ఎందుకు తమ్మి.

రేజర్_బాధితుడు
పల్సరేనా?

నైట్రో_నర్సన్న
నీలం రంగుది.

కాజీపేట_జంక్షన్
నీలందే!

రేజర్_బాధితుడు
నాలుగు గంటల పైసలు, 60 రూపాయలు. పదిహేడేండ్ల మిత్తి. యాడుంటవో చెప్పు.

నైట్రో_నర్సన్న
ఎట్ల పట్టుకుంటవే? గీ గేముల పోలీసులే లేకపోయిరి.